స్విచ్చి లేని ఆవు

పశువుల పెంపకం నేర్చుకోవాలంటే ముందు పశువుని అవతలికి తోలెయ్యాలి! ఇది నా మాట కాదు, చదువుకున్నవాళ్ళ మాట. ఒప్పుకోవడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టిందంతే.

మీరే ఆలోచించండి. పశువుంటే ఏముంటుంది? పేడుంటుంది. ఈగలుంటాయి. తోకుంటుంది, అది సరిగ్గా మీరు నోరు తెరిచినప్పుడే చెంప మీదికొస్తుంది. ఇన్నిటి మధ్య పాఠం బుర్రకెక్కుతుందా? నేను ముప్పై ఏళ్ళు ఆవుల మధ్యే ఉన్నాను. నా చదువు ఎనిమిదో తరగతి గుమ్మం దాటలేదు. ఇంతకంటే రుజువేం కావాలి?

మా ఊరి కమ్యూనిటీ కాలేజీవాళ్ళు ఈ రహస్యం ఎప్పుడో కనిపెట్టారు. అక్కడ పశుపోషణ, పశువిజ్ఞానం అని రెండేళ్ళ కోర్సుంది. ప్రొజెక్టరుంది. తెల్లకోట్లున్నాయి. చేతులెలా కడుక్కోవాలో చెప్పే చార్టుంది. పశువొక్కటే లేదు. దాని బదులు హాలు మధ్యలో ఫైబరు ఆవుని నిలబెట్టారు.

ఏం ఆవండీ అది! మేత అడగదు, ఎదకు రాదు, సెలవుల్లో గుడ్డ కప్పేస్తే నోరెత్తదు. ఎడమ చెవి వెనక స్విచ్చి నొక్కితే ‘అంబా’ అంటుంది, మళ్ళీ నొక్కితే మానేస్తుంది. పాలిచ్చే ఆవు తన్నినా ఓర్చుకోవాలన్నారు పెద్దలు. పాలూ ఇవ్వక, తన్నూ తన్నక నిలబడిన ఆవు ఇంకెంత గొప్పదో మీరే చెప్పండి!

దానికో రబ్బరు పొదుగుంది. అందులో నీళ్ళు పోసి పిల్లల చేత పితికిస్తారు. నేనెప్పుడో పాలల్లో కాసిని నీళ్ళు కలిపితే మోసమన్నారు. వీళ్ళు అసలు పాలే కలపరు, దాన్ని ప్రాక్టికల్సంటారు!

నాలుగు చన్నుల్లో రెండు ఎప్పుడో చిరిగిపోయాయి. లెక్చరరు గారు వాటిని దారంతో బిగించి కట్టేసి, “ఇవి లేవనుకోండి” అన్నారట. అలా అనుకునీ అనుకునీ, చివరికి మార్కుల షీటులోనూ రెండే మిగిలాయి. భారం తగ్గించే చదువంటే ఇదీ!

మా అక్క కూతురు ఈ కోర్సే చదివింది. నేను దాన్ని డాక్టరమ్మా అని ఏడిపిస్తుంటాను. ఊరి చివర పాల ఫారంవాళ్ళు దానికి మాటిచ్చారు. ఫలానా సోమవారం సాయంత్రంలోగా సర్టిఫికెట్టు తెస్తే ఉద్యోగం, తేకపోతే ఇంకొకరికి. పిల్ల ఆశంతా దాని మీదే.

సరిగ్గా పరీక్షల ముందు ఎవరో ఆనుకుంటే ఫైబరు ఆవు కాలు విరిగింది. రిపేరుకి తీసుకెళ్ళారు. ఒక్కొక్కళ్ళు ఎక్కడో అక్కడ ఆవుని చూసుకుంటే ఎగ్జామినరు అక్కడికే వస్తాడన్నారు. మా పిల్ల తిన్నగా మా పాకకొచ్చింది.

మా ఆవు పేరు గయ్యాళి. ఆ పేరు ఆవుకే పెట్టానని ఎన్నిసార్లు చెప్పినా, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మా ఆవిడ మాత్రం ఇప్పటికీ నమ్మదు.

మొదటిరోజు పొద్దున్నే డాక్టరమ్మ వచ్చి ఆవు చెవి వెనక తడుముతోంది.

“ఏం వెతుకుతున్నావే? పేలా?” అన్నాను.

“స్విచ్చి మావయ్యా... అలవాటు,” అంది సిగ్గుపడుతూ.

మా ఆవిడ దూడని వదిలింది. అది నాలుగు గుటకలేశాక ఆవు చేపుకొచ్చి, చన్నుల్లోకి పాలు దిగాయి. “దూడెందుకత్తయ్యా? మా దానికి ప్లగ్గు పెడితే చాలు,” అంటూ పిల్ల కూర్చుంది. ముచ్చటగా రెండు చన్నులు పితికి, చెంబు తీసుకుని లేచిపోయింది.

“ఆగవే తల్లీ! మిగతా రెండూ ఎవరికి వదిలావు? మీ మావయ్యకా?” అంది మా ఆవిడ.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. మా పిల్లకి మతి పోలేదు, రెండు చన్నులు పోయాయంతే. అవి మళ్ళీ దొరకడానికి పది పొద్దులు పట్టింది. తన్నులు తింది, పేడలో జారింది, ఒకసారి ఏడ్చింది కూడా. పదో రోజుకి నురగ చెంబు అంచు దాకా లేచింది. మా ఆవిడ మెచ్చుకోలుగా ఓ ‘ఊఁ’ కొట్టింది. నా పెళ్ళయ్యాక ఆ ‘ఊఁ’ నేనింతవరకూ వినలేదు!

గురువారం ఎగ్జామినరు వచ్చాడు. తెల్లకోటు, మెరిసే బూట్లు. అదే కాలేజీలో మొదటి బ్యాచి ఫస్టట! పాక గుమ్మం దగ్గరే ఆగి, “అది కదులుతోందేంటి?” అన్నాడు.

“బతికుంది కదండీ,” అన్నాను.

మా పిల్ల పొదుగు కడిగి, నాలుగు చన్నులూ చకచకా పితికి, చెంబు ముందు పెట్టింది. ఆయన షీటు తిరగేశాడు, బోర్లేశాడు.

“నాలుగెందుకు పితికావమ్మా?”

“నాలుగున్నాయి కద సార్.”

“షీటులో రెండే ఉన్నాయి. పద్ధతే తప్పు!” ఇరవైకి సున్నా చుట్టాడు. “సరే, ఇప్పుడు అరిపించు. అయిదు మార్కులు.”

పిల్ల బిక్కచచ్చిపోయింది. గయ్యాళి ఒకరు అడిగితే అరిచే రకం కాదు. చూసి చూసి ఆయనే ధైర్యం చేసి చెవి వెనక చెయ్యి పెట్టాడు. తోక వచ్చి కళ్ళజోడుకి తగిలింది. ఆయన కళ్ళజోడు వెతుక్కుంటుంటే, నేను గడ్డివామి వెనక్కెళ్ళి గుండెల నిండా గాలి పీల్చి “అంబా...!” అన్నాను.

“ఆఁ, ఇది కరెక్టు!” అని అయిదుకి అయిదూ వేశాడు. గయ్యాళి నావైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

ఆ రోజు మా పిల్లకొచ్చిన మార్కులు మొత్తం అయిదు. ఆ అయిదూ నావి! కింద ఆయన ఇలా రాశాడు: “పశువు నమూనాకు అనుగుణంగా లేదు. సోమవారం ఉదయం, రిపేరై వచ్చే ఫైబరు ఆవుపై మళ్ళీ పరీక్ష.”

ఇక మూడు రోజులు మా ఇంట్లో మర్చిపోయే క్లాసులు! నేర్చుకోవడం ఏముందండీ, మర్చిపోవడమే కష్టం. రెండు పితికి లేవమంటే పిల్ల చెయ్యి దానంతటదే మూడోదాని మీదికి పోతోంది. “చెయ్యి తియ్యవే, ఉద్యోగం పోతుంది!” అని నేను కేకలు. “ఆవు చస్తుంది, తియ్యకే!” అని మా ఆవిడ కేకలు. మూడు రోజులూ ఆ మిగతా రెండూ మా ఆవిడే పితికింది.

సోమవారం డాక్టరమ్మ ఫైబరు ఆవు దగ్గర కూర్చుని, పళ్ళబిగువున రెండే పితికి, స్విచ్చి నొక్కింది. ఇరవై అయిదుకి ఇరవై అయిదు! సాయంత్రానికి ఉద్యోగం. దాని బ్యాచి కుర్రాళ్ళు ఇద్దరికి కూడా అక్కడే దొరికింది. మనిషికి పన్నెండు ఆవులు.

మూడో రోజు చూద్దామని వెళ్ళాను. మా పిల్ల వరసలో పన్నెండు ఆవులూ హాయిగా నెమరేస్తున్నాయి. మిగతా రెండు వరసలూ పొదుగులు గట్టిపడి, ఫారం ఎగిరిపోయేలా “అంబా! అంబా!” అంటున్నాయి. సూపర్‌వైజరు తల పట్టుకున్నాడు. కుర్రాళ్ళిద్దరూ ఏం చేస్తున్నారంటారా? చెమటలు కక్కుతూ ఒక్కో ఆవు చెవి వెనకా తడుముతున్నారు, అరుపు ఆపుదామని!

“చెవులొదలండ్రా! మూడోదీ నాలుగోదీ పితకండి, అవే ఆగుతాయి!” అని మా పిల్ల చెంబు పట్టుకుని పరిగెత్తింది.

కాబట్టి కాలేజీ పెద్దలకు నా మనవి. మీ ప్రొజెక్టరు, మీ చార్టు, మీ ఫైబరు ఆవు చల్లగా ఉండాలి. దాని పక్కన ఒక్క నిజం ఆవుని కట్టండయ్యా. కావాలంటే మా గయ్యాళిని తోలుకొస్తాను. అడిగినప్పుడు అరవదనేగా మీ బెంగ? అయిదుకి అయిదు తెచ్చుకున్నవాణ్ణి, పక్కన నేనుంటాను!