కారు కూర్చుంది

పొద్దున్నే తలుపు తీసుకుని బయటికి వచ్చిన పళ్ల డాక్టరుకి తన కారు నేలకి కరుచుకుపోయి కనిపించింది. చక్రాలు సగానికి పైగా లోపలికి దూరిపోయాయి. బంపరుకీ నేలకీ మధ్య చెయ్యి పెట్టే సందు కూడా లేదు. నిన్న సాయంత్రం నిక్షేపంగా నిలబెట్టిన బండిని ఎవరో పైనుంచి అరచేత్తో అణిచేసినట్టుంది. చేతిలో బకెట్టుతో ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. టైర్లలో గాలి నిండుగా ఉంది. అద్దాలు పగల్లేదు. ఎక్కడా గీత కూడా పడలేదు.

ఆ రోజుకి ఆయన పెట్టుకున్న పని చిన్నదే. కారు కడగాలి, పెట్రోలు పోయించాలి, మర్నాడు పొద్దున మామగారిని అందులో కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కాకపోతే ఆ చివరి పని వెనక ఏడాదిగా నడుస్తున్న యుద్ధం ఉంది.

మామగారు రిటైరైన పోలీసు ఇన్‌స్పెక్టరు. వారం రోజులు ఉండి వెళ్తానని కూతురింటికి వచ్చి, కుడి మోకాలు మొరాయించడంతో అక్కడే ఉండిపోయాడు. మోకాలి చిప్ప మార్చి లోహంది పెట్టాలని పెద్ద డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఆయన ఒప్పుకోలేదు. ఒకసారి ముహూర్తం దాకా వచ్చి దగ్గొచ్చిందన్నాడు. ఇంకోసారి అంబులెన్సు తెప్పిస్తే, "నేను ఇంకా బతికే ఉన్నాను" అని గేటు దగ్గరే వెనక్కి పంపేశాడు. చివరికి కూతురు అన్నం మానేస్తానంటే దిగొచ్చి ఒక షరతు పెట్టాడు. వెళ్తే అల్లుడి కారులోనే వెళ్తాడు. అదీ, కారు వంగితేనే.

ఆ కారు నిజంగానే వంగుతుంది. దానికి మామూలు స్ప్రింగులు లేవు. నాలుగు మూలలా రబ్బరు తిత్తులు, వాటి నిండా గాలి. బటన్ నొక్కితే గాలి తగ్గి బండి బెత్తెడు కిందికి దిగుతుంది, మనిషి ఎక్కాక మళ్లీ లేస్తుంది. డాక్టరు దాన్ని సెకండ్ హ్యాండ్‌లో, ఆ మెత్తదనం చూసే కొన్నాడు. మామగారికి మాత్రం మెత్తదనం సంగతి పట్టలేదు. "సర్వీసులో ఉన్నన్నాళ్లూ జీపు తలుపు తీసేవాళ్లే గానీ, జీపు ఎన్నడూ నా ముందు వంగలేదు" అని మొదటి రోజే చెప్పి, అప్పటినుంచీ పనున్నా లేకపోయినా దాని దగ్గరికి వెళ్లి నిలబడేవాడు.

ఇప్పుడు ఆయన చేతికర్రతో వరండాలో నిలబడి ఉన్నాడు.

"ఏమైంది అల్లుడుగారూ? పాపం, దానికీ మోకాళ్లు పోయినట్టున్నాయి. పోనీ వాయిదా వేద్దామా? నాకేం తొందర లేదు."

"వాయిదా లేదు," అంటూ డాక్టరు భార్య లోపలినుంచి వచ్చింది. కారుని చూసింది, తండ్రిని చూసింది, చివరికి మొగుణ్ణి చూసింది. "ఎల్లుండి ఆ పెద్ద డాక్టరు విమానం ఎక్కితే ఆరు నెలల దాకా రాడు. ఈలోపు నాన్న మాట మార్చేస్తాడు. మీరేం చేస్తారో నాకు తెలీదు. రేపు పొద్దునకి ఆ కారు లేచి నిలబడాలి."

డాక్టరు అప్పటికే క్రేన్ బండికి ఫోన్ చేస్తున్నాడు.

మెకానిక్ షెడ్డులో కారుని పైకెత్తి, మెకానిక్ టార్చి వేసి చూశాడు. ఈ మెకానిక్ డాక్టరు దగ్గరే దవడ పన్నుకి వైద్యం చేయించుకున్నాడు. అది ఒక్కరోజులో తేలే పని అనుకుని వెళ్లి ఆరుసార్లు తిరిగాడు.

"తిత్తుల రబ్బరు బీటలు వారిందండీ. కొత్తవి ఓడలో రావాలి. మూడు వారాలు."

"రేపు కావాలి."

"రేపటికంటే ఒకటే దారి. గాలి సరంజామా మొత్తం తీసేసి ఉక్కు స్ప్రింగులు పెట్టాలి. సరిపోయేవి నా దగ్గరే ఉన్నాయి. అయితే ముందు పంపు చూడనివ్వండి, పైపులు చూడనివ్వండి..."

"టైం లేదు. పీకెయ్."

మెకానిక్ టార్చి ఆర్పి ఆయన మొహంలోకి చూశాడు. "నా పన్నుకి ఎక్స్‌రే లేకుండా నోరు కూడా తెరవనివ్వలేదు మీరు. పీకెయ్యండి బాబూ అని ఏడిస్తే, కాపాడుకోవాలన్నారు."

"నీ పన్ను వేరు. దానికి మామగారు లేరు."

మెకానిక్ స్పానర్లు పరిచాడు. డాక్టరు వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"లేచి నిలబడుతుంది కదా?"

"నిలబడటమా? ఇక జన్మలో కూర్చోదు. కావాలంటే రాసిస్తాను."

ఆ హామీ డాక్టరు చెవికి చల్లగా తగిలింది. క్లినిక్‌కి వెళ్లి సాయంత్రం దాకా హాయిగా పళ్లు తోమాడు.

పొద్దు వాలే వేళకి మెకానిక్ కారుని ఇంటికి తెచ్చాడు. అది మునుపటి కంటే రెండంగుళాలు ఎత్తుగా, రొమ్ము విరుచుకుని గేటులోంచి లోపలికి వచ్చింది. ఇంట్లో నలుగురూ బయటికి వచ్చారు. నాలుగో మనిషి బావమరిది. ఆ ఇంటి సోఫాలో సగం అతనిదే. అందుకే అక్కయ్య నెల రోజులుగా అతని తిండి తగ్గిస్తోంది.

అందరికంటే ముందు దగ్గరికి వచ్చింది మామగారు. కర్ర ఊతంగా వంగి చక్రం వెనకకి తొంగి చూశాడు. "గాలి చేసే పని ఇనుము చేస్తుందా? ఎలా?"

"గాలిని నొక్కితే సర్దుకుంటుందండీ. దీన్ని నొక్కితే తిరగబడుతుంది. అంతే తేడా. బండి మోయడంలో ఏ లోటూ లేదు," అన్నాడు మెకానిక్. తర్వాత డాష్‌బోర్డు కింద బిగించిన చిన్న నల్ల డబ్బా చూపించాడు. "అసలు తిప్పలు కంప్యూటరుతోనండీ. గాలి ఏదీ అని వెతుక్కుంటుంది. కనపడకపోతే తెర నిండా ఎర్ర లైట్లు పెట్టి గోల చేస్తుంది. అందుకని ఈ డబ్బా. గాలి ఉంది, అంతా బాగుంది అని దానికి చెప్తూ కూర్చుంటుంది."

"అంటే బండికి అబద్ధం చెప్తున్నారు."

"అవసరానికండీ."

"నమ్ముతుందా?"

"దానికి కళ్లు లేవు కదండీ. చెప్పిందే నమ్ముతుంది."

మామగారు ఆ డబ్బాని చాలాసేపు చూశాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు చెప్పిందల్లా నమ్మే ఇలాంటి అనుమానితులు దొరకలేదని ఆయనకి దిగులేసినట్టుంది.

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ, "ఇంకో సంగతి డాక్టర్ గారూ," అన్నాడు. "డిక్కీలో స్టెప్నీ కింద పంపు ఉంటుంది కదా. అది తీస్తుంటే చూశాను, సన్న పైపు ఒకటి నట్టు వదులు చేసి ఉంది. ఊడిపోలేదు. ఎవరో స్పానర్ పెట్టి తిప్పారు. ఒక మూల గాలి పోతే బండి ఒరుగుతుందని, కంప్యూటరే మిగతా మూడు మూలలనీ దించేసింది."

"మరి తిత్తులు?"

"బీటలున్నాయి. అయినా ఇంకో ఏడాది లాగేవేమో. అందుకే కదండీ పైపులు చూడనివ్వమన్నాను."

డాక్టరు మెట్టు మీద కూర్చున్నాడు. మామగారు మాత్రం నిటారుగా అయ్యాడు.

"దీని వెనక ఒక మనిషి ఉన్నాడు," అన్నాడు గొంతు మార్చి. "అందరూ లోపలికి రండి."

భోజనాల బల్ల దగ్గర విచారణ మొదలైంది. మొదట పిలిచింది కన్నకొడుకునే.

"నిన్న డిక్కీ తెరిచావా, లేదా?"

"నేనా? నాకేం పని నాన్నా..."

"ప్రశ్నకి ప్రశ్న జవాబు కాదు."

బావమరిది చెమట తుడుచుకున్నాడు. "తెరిచాను."

"ఎందుకు?"

అతను అక్క వైపు చూసి తల దించుకున్నాడు. "బిస్కెట్లు దాచుకోడానికి. స్టెప్నీ పక్కన. అంతే నాన్నా, నట్టు అంటే ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదు."

"తెల్లారి ఉప్మా కూడా వద్దన్నావేరా," అంది అక్క నెమ్మదిగా. "నా తిండి కట్టుబాటు ఫలిస్తోందని మురిసిపోయాను."

"నేరస్తుడు ఎప్పుడూ సగమే చెప్తాడు. మిగతా సగం మనం రాబట్టాలి," అన్నాడు మామగారు.

"అనుమానం వీడి మీదే ఎందుకు?" అంటూ కూతురు మొగుడి వైపు తిరిగింది. "ఆ గాలి కారు ఖర్చు తినేస్తోందని గొణిగేది మీరే కదా. ఉక్కు పెట్టించడానికి సాకు కావలసి వచ్చిందేమో."

"నా కారు గాలి నేనే తీసుకుంటానా?"

"మొన్న మీ పన్ను మీరే అద్దంలో చూసుకుంటూ గీకలేదూ?"

మామగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి బల్ల మీద వేలితో కొట్టాడు. "కేసు గట్టిదే. పోనీ ఇది తేలేదాకా ఆపరేషన్ ఆపుదాం."

"కేసే ఆగుతుంది నాన్నా," అంది కూతురు.

మర్నాడు పొద్దున సంచీలు సర్దారు. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కారు తలుపు దగ్గర నిలబడ్డాడు. డాక్టరు లోపల కూర్చుని బటన్ నొక్కాడు. తెర మీద కారు బొమ్మ నెమ్మదిగా కిందికి దిగింది. 'ఇప్పుడు ఎక్కవచ్చు' అని అక్షరాలు వెలిగాయి. కారు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు.

మామగారు కిటికీలోంచి తెర చూశాడు, వెనక్కి తగ్గి చక్రం చూశాడు. "తప్పుడు సాక్ష్యం," అన్నాడు. వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుని, కర్ర ఒళ్లో పెట్టుకున్నాడు. "అది వంగందే నేను ఎక్కను. మాటంటే మాటే."

డాక్టరు ఇంటి వెనక్కి వెళ్లి మెకానిక్‌కి ఫోన్ చేశాడు.

"జన్మలో కూర్చోదని చెప్పాను కదండీ," అన్నాడు మెకానిక్, మెచ్చుకోలు ఆశిస్తున్నట్టు.

"ఒక్కసారి కూర్చోబెట్టాలి. ఎలా?"

"బరువెయ్యండి. దిగుతుంది."

ఆ ఇంట్లో బరువు కోసం వెతుక్కోనక్కర్లేదు. డాక్టరు, ఆయన భార్య కలిసి బావమరిదిని వంటింటి గుమ్మంలోంచి తీసుకొచ్చి, మామగారి కంట పడకుండా డిక్కీలోకి ఎక్కించారు. "బావా, ఇది శిక్షా?" అని అడిగాడతను. "పాపపరిహారం అనుకో," అని డాక్టరు మూత వేశాడు. ముందుకు పరిగెత్తి మళ్లీ బటన్ నొక్కాడు.

కారు వెనక భాగం రెండు వేళ్ల మందం దిగింది. ముందు భాగం కాస్త పైకి లేచింది.

"ఇది వంగడం కాదు," అన్నాడు మామగారు. "మొహం పక్కకి తిప్పుకోవడం."

గేటు బయట పక్కింటివాళ్లు ఆగి చూస్తున్నారు. ఆసుపత్రినుంచి రెండోసారి ఫోన్ వచ్చింది. భార్య ఫోన్ పట్టుకుని, ఏం చెప్పమంటారన్నట్టు మొగుడి వైపు చూసింది. ఆ కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టరు ఇక ఆలోచించలేదు. కారు తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, చేతులు నేలకి ఆనించాడు.

"కారు వంగకపోతే నేను వంగుతాను మామగారూ. నా వీపు మీద కాలు పెట్టి ఎక్కండి."

కటుక్కుమని ఒక చప్పుడు వినిపించింది. డాక్టరు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"నేనింకా కాలు పెట్టలేదు," అన్నాడు మామగారు వెంటనే, గేటు వైపు తిరిగి. "అందరూ చూశారు."

తర్వాతదంతా గబగబా జరిగిపోయింది. మామగారు ఒక చంక, కూతురు ఒక చంక పట్టుకుని డాక్టరుని వెనక సీట్లో అడ్డంగా పడుకోబెట్టారు. కూతురు స్టీరింగు ముందు కూర్చుని, "ఎక్కు నాన్నా," అని ఒక్క కేక వేసింది. ఆయన ఎక్కాడు. కారు కదిలింది.

దారి పొడుగునా గుంతలే. ప్రతి గుంతకీ వెనక సీట్లోంచి "అబ్బా" అని ఒకటి, ఆ వెంటనే ఇంకా వెనకనుంచి "అమ్మో" అని ఒకటి వినిపిస్తున్నాయి.

"స్ప్రింగులు ఇలా మాట్లాడతాయా?" అని అడిగాడు మామగారు ఆసక్తిగా.

కూతురు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. డిక్కీ సంగతి ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. ఇప్పుడు ఆపితే తండ్రి దిగిపోతాడు. ఆమె ఆపలేదు, కాస్త నెమ్మదిగా నడిపింది.

"అల్లుడుగారూ, గాలి ఉన్నప్పుడు ఈ గుంత తెలిసేదా?"

"తెలిసేది కాదు మామగారూ."

"ఇప్పుడు?"

"ఒక్కొక్కటీ విడివిడిగా తెలుస్తోంది."

"కానీ వెళ్తోంది."

"వెళ్తోంది."

మామగారు కాసేపు కుడి మోకాలు నిమురుకున్నాడు. తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు, "ఎత్తు సీటైతే ఎక్కడం సులువేనే," అన్నాడు. "ఇన్నాళ్లూ అది కిందికి దిగినప్పుడల్లా కూర్చోలేక నా ప్రాణం పోయేది. మర్యాద చేస్తోంది కదా అని నోరు మూసుకున్నాను."

ఆసుపత్రి వాకిట్లో కారు ఆగగానే ఇద్దరు మనుషులు తోపుడు మంచంతో వచ్చి, వంగిన డాక్టరుని వంగినట్టే దాని మీదికి ఎక్కించారు. సంచీలు తీద్దామని కాపలా మనిషి డిక్కీ తెరిచి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఒళ్లంతా బిస్కెట్ పొడితో బావమరిది లేచి కూర్చున్నాడు.

నర్సు ముగ్గురినీ చూసింది. "ఇందులో పేషెంట్ ఎవరు?"

అది మామగారికి బంగారం లాంటి అవకాశం. తోపుడు మంచం వైపు వేలు చూపిస్తే చాలు, ఈ పూటకి గండం గడిచిపోతుంది. ఆయన వేలు సగం లేచింది కూడా. ఇటు కూతురు తమ్ముడి మీద విరుచుకుపడుతోంది.

"అంతా నీవల్లే. ఆ నట్టు జోలికి వెళ్లకపోతే ఇంత జరిగేదా? ఆయన నడుం విరిగింది చూశావా? ఇవాళే నీ సామాను సర్దుకో. మళ్లీ నా గడప తొక్కకు."

"నేను కాదక్కా," అంటున్నాడు అతను, ఏడుపు ఆపుకుంటూ.

మామగారు వేలు దించాడు. కర్ర టకటకలాడించుకుంటూ తోపుడు మంచం దగ్గరికి వచ్చి, దాని కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"వాణ్ణి ఏమీ అనకమ్మా. ఆ నట్టు వదులు చేసింది నేను. పోయినసారి మెకానిక్ డిక్కీలో పని చేస్తుంటే, గాలి ఎటునుంచి ఎటు పోతుందో తెలుసుకుందామని పక్కనే నిలబడి చూశాను. అప్పుడు అది ఉత్త కుతూహలమే. మొన్న సాయంత్రం మాత్రం భయమేసింది. జన్మంతా దొంగల వెనక పరిగెత్తిన కాలు ఇది. కోసి లోపల లోహం పెడతారంటే చెయ్యి దానంతటదే స్పానర్ మీదికి పోయింది. బండి ఒక్కరోజు కూర్చుంటే ఆ డాక్టరు విమానం ఎక్కేస్తాడు, నట్టు బిగించేస్తే బండి మళ్లీ లేస్తుంది, అంతే అనుకున్నాను. చెబుదామని నిన్న పొద్దున వరండాలోకి కూడా వచ్చాను అల్లుడూ, నువ్వు అప్పటికే క్రేన్‌తో మాట్లాడుతున్నావు. నేను విప్పింది ఒక్క నట్టు. మిగతా బండంతా విప్పించింది నువ్వు. అయినా నా కోసం అలా వంగావు చూడు, ఇక దాచలేకపోయాను. అమ్మా నర్సూ, పేషెంట్ని నేనే, పద. మత్తు మందు మాత్రం కాస్త ఎక్కువే వెయ్యమను. ఇంకా ఒప్పుకోవలసినవి చాలా ఉన్నాయి, మధ్యలో మెలకువ వస్తే అందరికీ ఇబ్బంది."