ఎవరా ‘ఏవండీ’?

ఆ రోజు పొద్దున్న సౌండు మాస్టారింట్లో అనుకున్న పని ఒక్కటే, చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళడం. నెలల తరబడి వాయిదా పడుతూ వచ్చిన పని. వెళ్ళాల్సిందేనని భార్య పట్టు, అక్కర్లేదని ఆయన మొండిపట్టు. జీవితమంతా సినిమా స్టూడియోలో గొంతులు రికార్డు చేసిన మనిషి, తన చెవులు మొరాయిస్తున్నాయంటే ఒప్పుకుంటారా? ఈ మధ్య లోకమంతా గొణగడం మొదలుపెట్టిందని ఆయన వాదన.

భార్యని స్టూడియోలో అందరూ గొంతమ్మగారు అనేవారు. తెర మీద ఒక వెలుగు వెలిగిన కథానాయికకి మొదటి సినిమా నుంచి ఆఖరి సినిమా దాకా డబ్బింగు చెప్పింది ఆవిడే. ఆ నటిని జనం ఇప్పటికీ రాణిగారనే అంటారు. ఆ గొంతు విని అన్నం మానేసిన కుర్రాళ్ళంతా ఇప్పుడు తాతలయ్యారు. అది రాణిగారి గొంతు కాదని మాత్రం వాళ్ళకెవరికీ తెలియదు. “ఎక్కడా అనకమ్మా” అని ఆ రోజుల్లో రాణిగారు చెయ్యి పట్టుకుని అడిగితే గొంతమ్మగారు మాటిచ్చారు. ఇచ్చిన మాటని ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్నారు. సొంత అక్కచెల్లెళ్ళ దగ్గర కూడా నోరు జారలేదు.

ఇంతలో కాలం మారి, తారలు తెర దిగి ఫోన్లోకి వచ్చేశారు. ఒక కంపెనీ రాణిగారి పడుచుదనాన్ని యంత్రంలో తయారుచేసి యాప్‌గా వదులుతోంది. ఫోను తెరిస్తే చాలు, రాణిగారు పలకరిస్తారు, కబుర్లు చెబుతారు, మన మాటకి బదులిస్తారు. ముఖమూ గొంతూ వాడుకోవచ్చని రాణిగారు సంతకం పెట్టేశారు. కానీ సినిమాల్లో గొంతు వెనక సంగీతం ఉంటుంది, యంత్రానికేమో ఒట్టి గొంతు కావాలి. కంపెనీ మేడమ్ వెతుక్కుంటూ వచ్చి అడిగితే, మాస్టారు అటక మీది ట్రంకు పెట్టె దింపి, అందులోని పాత టేపులన్నీ ఇచ్చేశారు. గొంతమ్మగారు ఆ పూట ఇంట్లో లేరు. తెలిస్తే కోప్పడతారని తర్వాత కూడా చెప్పలేదు. ఆయనకి కావలసింది ఒక్కటే, ఆ గొంతు ఇంకోసారి వినాలి.

యాప్ ఆ పొద్దున్నే వచ్చింది. మాస్టారు డాక్టరు మాట ఎగ్గొట్టి బాల్కనీలోకి చేరారు. ఇయర్‌ఫోన్లు చెవుల్లో దూర్చుకుని, సౌండు పూర్తిగా పెంచారు. వైరు రెండో కొస ఫోనుకి తగిలించడం మాత్రం మర్చిపోయారు. ఫోను వీధి వీధంతా వినపడేలా మోగుతుంటే, ఆయన మాత్రం ఏదో రహస్యం వింటున్నట్టు కళ్ళు మూసుకున్నారు.

రాణిగారు ముందు దర్జాగా నమస్కారం పెట్టారు. వెన్నెల గురించీ విరహం గురించీ నాలుగు ముక్కలు మాట్లాడారు. ఉన్నట్టుండి గొంతు తగ్గించి, “ఏవండీ, గొడుగు తెచ్చుకున్నారా? బయట మబ్బేసింది. పొయ్యి ఆర్పే వచ్చారు కదూ?” అన్నారు.

“ఆర్పాను, ఆర్పాను” అన్నారు మాస్టారు, కళ్ళు తెరవకుండానే.

వంటింట్లోంచి గొంతమ్మగారు గరిటెతో సహా వచ్చారు. ఎవరో ఆడమనిషి తన మొగుణ్ణి ఏవండీ అంటోంది, ఈయనేమో ముసిముసిగా నవ్వుకుంటున్నారు! ఇంత వయసొచ్చాక ఇదేం పోయేకాలం అనుకున్నారు. గడప దాటేలోపే కాళ్ళు ఆగిపోయాయి. ఆ గొంతు తనది. సరే, రాణిగారి బొమ్మకి తన గొంతు కొత్తేమీ కాదు. కానీ ఆ మాటలు కూడా తనవే.

“ఈ ముక్కలు ఏ సినిమాలోనూ లేవు. దీనికెక్కడ దొరికాయి?” అన్నారు, ఆయన చెవిలోంచి ఇయర్‌ఫోను లాగి.

ఇక దాచి లాభం లేదని మాస్టారు టేపుల సంగతి కక్కేశారు. గొంతమ్మగారికి ఇంకా అర్థం కాలేదు. టేకుకీ టేకుకీ మధ్య ఆవిడ రికార్డింగు గది అద్దం ఇవతలున్న మొగుడితో ఇంటి కబుర్లు చెప్పేవారన్న మాట నిజమే. కానీ అది ఎర్ర దీపం ఆరాకే. స్టూడియోలో ఎర్ర దీపం వెలిగితే రికార్డింగు, ఆరితే విరామం.

“మీరు దీపం ఆర్పేవారుగా?”

“దీపం ఆర్పేవాణ్ణి. టేపు ఆపేవాణ్ణి కాదు. డైలాగులన్నీ రాణిగారివి. మధ్యలో నువ్వు మాట్లాడినవే నావి.”

గొంతమ్మగారి కళ్ళు చెమర్చాయి. కోపం మాత్రం తగ్గలేదు. “నా గొంతు వినాలంటే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తే సరిపోయేది కదండీ. నేను వంటింట్లోనే ఉన్నానుగా. ఇప్పుడు నేనిచ్చిన మాట గతేంటి?” అన్నారు.

ఇంతలో పై వాటా పెద్దాయన మెట్లు దిగుతూ కనిపించారు. మండుటెండలో గొడుగు వేసుకున్నారు. ఏమిటండీ అంటే, రాణిగారంతటి మనిషి అడిగాక లేదంటే ఏం బాగుంటుందన్నారు. బాల్కనీలోంచి చూస్తే వీధి పొడుగునా గొడుగులే. ఇద్దరు ముగ్గురు సగం దారిలోంచి వెనక్కి పరిగెడుతున్నారు, పొయ్యి చూసుకోవడానికి కాబోలు.

టీవీ పెడితే అక్కడ వ్యవహారం ముదిరిపోయి ఉంది. పెళ్ళే చేసుకోని రాణిగారి నోట ‘ఏవండీ’ అన్న పిలుపు! ఎవరా ఏవండీ? పాత హీరోలందరి ఇళ్ళ ముందూ కెమెరాలు. ఒకాయన గట్టిగా ఖండించారు. ఇంకొకాయన ఖండించకుండా మీసం సవరించుకున్నారు. దాంతో ఆయన భార్య సూట్‌కేసు సర్దుకుని కూతురింటికి వెళ్ళిపోయారు.

ఇక్కడ ఫోను మోగింది. మాస్టారికి వినపడలేదు కాబట్టి గొంతమ్మగారు ఎత్తి, “హలో, ఎవరండీ?” అన్నారు. ఫోన్లో ఆవిడ గొంతు ఇప్పటికీ పడుచుగానే పలుకుతుంది. అవతల కంపెనీ మేడమ్ కెవ్వుమన్నారు. “బాబోయ్, ఇది ఫోన్లు కూడా ఎత్తుతోంది!” అని ఎవరికో చెప్పి, భయంతో యంత్రం మొత్తం ఆపించేశారు. మాటల మధ్యలో మూగబోయిన రాణిగారిని చూసి అభిమానులు గుండెలు బాదుకున్నారు. ఆ ఏవండీ ఎవడో ఆవిడ నోరు నొక్కేశాడని అర్థం చేసుకుని, గొడుగులతో సహా రాణిగారి గేటు మీద పడ్డారు.

అసలు రాణిగారు పెరటి గుమ్మంలోంచి తప్పించుకుని, ముఖానికి శాలువా చుట్టుకుని మాస్టారింటికే వచ్చారు. రాణిగారే ఫోన్లో సంగతంతా చెప్పడంతో, కంపెనీ మేడమ్ కూడా వెనకాలే వచ్చారు. గొంతమ్మగారు గుమ్మంలోనే చేతులు జోడించి, నా నోట మాత్రం రాలేదమ్మా అన్నారు. రాణిగారు కుర్చీలో కూలబడి, శాలువా తీసి పక్కన పడేశారు.

“పెళ్ళి చేసుకోమని మా అమ్మ పోరిపోరి పోయింది. అప్పుడే వినలేదు. ఇప్పుడీ ఫోను చెప్పిందని చేసుకోనా? లేని మొగుణ్ణి ఒప్పుకునే బదులు, గొంతు నాది కాదని ఒప్పుకోవడమే నయం. పెట్టండి కెమెరా” అన్నారు. ఆ గొంతు బొంగురుగా, రాయి మీద రాయి గీసినట్టుంది.

మాస్టారింటి హాల్లోనే లైవు మొదలైంది. రాణిగారు ఉన్నదున్నట్టు చెప్పారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సొంత గొంతుతో జనానికి నిజం చెప్పారు. ఒక్కరూ నమ్మలేదు. ఇది యంత్రం చేసిన నకిలీ అని ఒకరు, గొంతు మరీ నాసిరకంగా కుదిరిందని ఇంకొకరు, అసలు రాణిగారిని ఎక్కడ దాచారని మరొకరు రాసి పడేశారు. రాణిగారికి ఏడుపొక్కటే తక్కువ.

చివరికి ఆవిడ పక్కకి వంగి, ఆ రోజుల్లో పట్టుకున్నట్టే గొంతమ్మగారి చెయ్యి పట్టుకుని కెమెరా ముందుకి లాగారు. “మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా. నువ్వే చెప్పు.”

గొంతమ్మగారికి ఎప్పుడూ ఎవరో రాసిచ్చిన మాటలే అలవాటు. ఈసారి చేతిలో కాగితం లేదు. అటూ ఇటూ చూసి, మూలన నిలబడ్డ మొగుడి వైపు తిరిగారు.

“ఏవండీ, డాక్టరు ఉంటారో వెళ్ళిపోతారో. బయల్దేరదామా?”

ఫోన్ల నిండా తిడుతున్నవాళ్ళంతా టక్కున ఆగిపోయారు. తర్వాత దండాలే దండాలు.

“ఆఁ? ఏమన్నావు?” అన్నారు మాస్టారు.

అందరి నవ్వుల మధ్యే ఆయన్ని చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళారు. వారం తిరక్కుండానే యాప్ మళ్ళీ వచ్చింది. ఏ సినిమాలోనూ పడని గొంతమ్మగారి పేరు రాణిగారి బొమ్మ కింద పడింది. గొడుగు మాట తీసేద్దామని కంపెనీ అంటే జనం ఒప్పుకోలేదు.

ఇప్పుడు గొంతమ్మగారు బాల్కనీలోంచి “ఏవండీ” అంటే వీధిలో నలుగురు మగాళ్ళు ఠక్కున ఆగుతారు. మాస్టారు మాత్రం ఆగరు. చెవిలో డాక్టరు పెట్టిన మిషను బాగానే పనిచేస్తోంది. ఆగకపోతే ఆవిడ ఇంకోసారి పిలుస్తారని ఆయన ఆశ.