కందుల కుప్ప మీద నినాదం

పిల్లలకు జీవవైవిధ్యం పాఠం మొదలుపెట్టాక గానీ మన కొండలకు రక్షణ దొరకలేదు. అంతకుముందు పాఠం లేకుండానే అడవి ఏ ధైర్యంతో పెరిగిందో, తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

రెండువేల అయిదు ప్రాంతంలో అరకులోయ దగ్గర ఒక బాలికల ఆశ్రమ పాఠశాలలో ఈ రక్షణ బాధ్యత క్యాథరిన్ టీచరు మీద పడింది. సైన్సు ఆమెది. కొండల మీద చెట్టూ చేమా కొట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తనాలు చల్లే పోడు వ్యవసాయమే అడవికి మొదటి శత్రువని పుస్తకంలో ఉంది. తరగతిలో కూర్చున్న ఆడపిల్లలందరూ పోడు గింజలు తిని పెరిగినవాళ్లే. పుస్తకం రాసినవారి ముందుచూపు చూశారా? శత్రువుల ఇళ్లకు పోలీసులను పంపితే జీపు కావాలి, డీజిలు కావాలి. వాళ్ల కూతుళ్లనే పంపితే నడిచి వెళతారు.

ఆ వాక్యం వచ్చినప్పుడల్లా క్యాథరిన్ పిల్లల మొహాలు చూడలేకపోయేది. గబగబా చదివేసి పేజీ తిప్పేసేది. కానీ హెడ్మాస్టరు రామారావు గారికి పేజీ తిప్పడం చాల్లేదు. సంత రోజున అవగాహన ర్యాలీ తీయాలన్నారు. ఒక్కో పిల్లకూ ఒక్కో అట్ట ఇచ్చి, నినాదాలు ఆయనే చెప్పి రాయించారు.

పిల్లలు వరసగా సంతలోకి నడిచారు. రోడ్డుకు ఒక పక్క టూరిస్టు బస్సులు ఆగి ఉన్నాయి. కిటికీల్లోంచి వాటర్ బాటిళ్లూ చిప్స్ కవర్లూ రాలుతున్నాయి. వాటి జోలికి ర్యాలీ వెళ్లలేదు. అవి సిలబస్‌లో లేవు. రెండో పక్క తల్లులు కందులూ సామలూ చోళ్లూ కుప్పలు పోసుకుని కూర్చున్నారు. అటు తిరిగి పిల్లలు గట్టిగా అరిచారు.

గాయత్రి మాత్రం అరవలేదు. ఎదురుగా కందుల కుప్ప వెనక వాళ్లమ్మ దేముడమ్మ కూర్చుని ఉంది. పిల్ల చేతిలో అట్ట మీద ‘పోడు మానండి, అడవిని కాపాడండి’ అని ఉంది.

“ఏటి గుంటా, ఏటి రాసినావు?” అంది దేముడమ్మ. ఆమెకు చదువు రాదు.

గాయత్రి అట్ట వైపు చూసింది. అమ్మ వైపు చూసింది. “మంచి కందులు, కొనండి అని రాసినానమ్మా.”

దేముడమ్మ మొహం విచ్చుకుంది. కూతురి చేతిలోంచి అట్ట తీసుకుని కందుల కుప్పలో నిలబెట్టింది. వెనకే వస్తున్న క్యాథరిన్ అంతా విన్నది. నోరు విప్పబోయి, ఆ తల్లి మొహం చూసి ఊరుకుంది.

ర్యాలీ చూడడానికి జీపులో వచ్చిన అటవీశాఖ పెద్ద ఆఫీసరు సరిగ్గా అక్కడే ఆగారు. పోడు మానమని సంతలో పిలుపునిస్తున్న గిరిజన మహిళ! ఆయన ఉద్యోగంలో ఇలాంటి అవగాహన ఎన్నడూ చూడలేదు. ఫొటో తీయించారు. దేముడమ్మ నవ్వుతూ కొంగు సర్దుకుంది.

ఫొటో పైకి వెళ్లింది. పై నుంచి కూలీలు వచ్చారు. దేముడమ్మ కొండ వాలంతా గోతులు తవ్వేశారు. అదేమిటంటే, పోడు మానేస్తానని నువ్వే ఫొటో దిగావు కదా, ఇక్కడ మొక్కలు నాటుతాం అన్నారు.

దేముడమ్మ తిన్నగా బడికొచ్చింది. గాయత్రి ఏడుస్తూ నిజం చెప్పేసింది. చెంప మీద పడుతుందని క్యాథరిన్ అడ్డు వెళ్లబోయింది గానీ, దేముడమ్మ కూతురి తల దగ్గరకు లాక్కుంది.

“అంత మందిలో నా మొకాన సదవలేక అలాగ అన్నాది, పాపం. దాన్నేటీ అనను. మరి మీరు టీచరమ్మా? ఉన్న కొండ పోతే ఈ గుంటకి నానేటి పెట్టాల?”

 మర్నాడు క్యాథరిన్ సెలవు పెట్టి ఆఫీసరు దగ్గరకు వెళ్లింది. పిల్ల అబద్ధం చెప్పిందనీ, తల్లికి చదువు రాదనీ, తప్పు తమ ర్యాలీదేననీ ఒక్క గుక్కలో చెప్పేసింది.

ఆఫీసరు టేకు కుర్చీలో వెనక్కి వాలారు. “ఫొటో పైకి వెళ్లిపోయిందమ్మా. పైకి వెళ్లింది కిందికి రాదు. మీ ఉద్యోగం మీరు చూసుకోండి.”

ఇక ప్రభుత్వ దక్షత చూడండి. వానలొచ్చాయి, గోతులు నిండాయి, మొక్కలు మాత్రం రాలేదు. దేముడమ్మ ఎన్నాళ్లని ఎదురుచూస్తుంది? గోతుల్లో గుమ్మడి గింజలు పెట్టింది. గోతుల మధ్య సామలు చల్లింది, కంది వేసింది, బొబ్బర్లు పాకించింది. ఏ వేళ ఎవరొచ్చి పీకేస్తారోనని రోజూ భయపడుతూనే పెంచింది.

పంట నిలువెత్తున ఉండగా ఆఫీసరు తన ప్లాంటేషన్ చూపించడానికి రాజధాని నుంచి అతిథులను వెంటబెట్టుకొచ్చారు. దారి చూపించమని క్యాథరిన్‌ను జీపు ఎక్కించుకున్నారు. ఆయన కాగితాల్లో మొక్కలు ఎప్పుడో నాటేశారు.

అతిథులు వాలు చూసి ఆగిపోయారు. ఒక పంటలో ఇంకో పంట, తీగ మీద తీగ, పువ్వు పువ్వుకీ తేనెటీగ.

“అద్భుతం. ఏమంటారు దీన్ని?” అన్నాడు ఒక అతిథి.

ఆఫీసరు నీళ్లు నమిలారు. దేముడమ్మ “దీన్నా బాబూ? పో...” అనబోయింది.

“బహుళజాతి సమీకృత జీవవైవిధ్య క్షేత్రం సార్” అంది క్యాథరిన్. ఆ పేరు అప్పుడే పుట్టింది. అంత పొడుగు అబద్ధం ఆమె జన్మలో ఆడలేదు.

ఆఫీసరు మొహంలోకి నెత్తురు తిరిగొచ్చింది. “మా పథకమే సార్” అన్నారు. “ఇక్కడ ఒక్క మొక్క కూడా కదల్చకూడదని ఆర్డరేస్తాను.” దేముడమ్మ వైపు తిరిగి, “చూశావా? పోడు మానేసి ఇలాంటివి చెయ్యమని మీవాళ్లందరికీ చెప్పు” అని గద్దించారు.

“సెప్తాను బాబూ” అంది దేముడమ్మ, చాలా వినయంగా.

పాఠం వల్ల అడవి బాగుపడదని ఇంకెవరైనా అంటారా?

ఆ డిసెంబరు పరీక్షలో అడవికి మొదటి శత్రువెవరని ప్రశ్న వచ్చింది. గాయత్రి పుస్తకంలో ఉన్నట్టే రాసింది. క్యాథరిన్ నిండు మార్కులు వేసింది. సెలవులు ఇవ్వగానే గాయత్రి ఇంటికి వెళ్లి, కొండెక్కి, ఆ శత్రువుతో కలిసి కందికాయలు కోసింది.