నలభై నాలుగు అంగుళాల రహస్యం

తలుపులు మూసుకుని ఎవడేం చేసుకున్నా నాకనవసరం. ఆ తలుపు తీసుకుని బయటికొచ్చి నా నెత్తినెక్కితేనే నాకు ఒళ్లుమంట. ఇది ముందే చెబుతున్నాను. నవ్వడం తర్వాత నవ్వుదురుగాని.

మా బస్సుల వర్క్‌షాపులో ఫోర్‌మన్ ఉద్యోగం మూడుసార్లు ఖాళీ అయింది. మూడుసార్లూ నా దగ్గర నట్టు బిగించడం నేర్చుకున్నవాళ్లకే దక్కింది. వాళ్లకు వచ్చి నాకు రాని పని ఒక్కటే. చేయి కలిపేటప్పుడు బొటనవేలితో ఎదుటివాడి అరచేయి గోకడం.

అది సోదర సంఘం వాళ్ల గుర్తు. శనివారం సాయంత్రాలు మేడమీద హాల్లో కిటికీలు బిగించుకుని, తెల్ల శాటిన్ ఏప్రన్లు కట్టుకుని కూర్చుంటారు. ఎవరెవరున్నారో చెప్పరు. మా ఎంపిక కమిటీలో ఉన్న మేనేజరు, క్యాషియరు, స్టోర్‌కీపరు ముగ్గురూ ఆ బాపతేనని నా అనుమానం. ఇప్పుడు నాలుగో ఖాళీ వచ్చింది. నాకిదే ఆఖరి అవకాశం.

అందుకే తీర్మానం రాశాను. "ఉద్యోగాలు పంచే కుర్చీలో కూర్చునేవాడు తాను ఏ సంఘంలో ఉన్నాడో గోడమీద రాసి పెట్టాలి." అంతే. ఒక్క అలంకారం లేదు.

మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ టైలరు. నోట్లో గుండుసూదులుంటే తప్ప మాట ఆపదు.

"ఇంత రహస్యం కడుపులో పెట్టుకుని వాళ్లకు నిద్రెలా పడుతుందే?"

"మెత్తటి దిండుంటే ఎవరికైనా పడుతుందండీ."

"వేళాకోళం వద్దు. తీర్మానం న్యాయమా కాదా?"

"నూటికి నూరుపాళ్లు న్యాయం. కాకపోతే తమరితో మొదలెట్టండి."

"నాకేం రహస్యాలున్నాయే? తెరిచిన పుస్తకాన్ని!"

"ఏ రెండు పేజీలు అంటుకుపోయాయో మరి" అంటూ మిషను తొక్కింది.

అప్పుడు చూశాను. మిషను కింద తెల్ల శాటిన్ ముక్కలు!

"ఇదేంటే?"

"గుడ్డ."

"ఎవరిది?"

"కట్టుకునేవాళ్లది. పదకొండేళ్లుగా వాళ్ల ఏప్రన్లు నేనే కుడుతున్నా."

నేను ఊరంతా తిరిగి వెతుకుతున్న జాబితా నా ఇంట్లో, నా మంచం పక్కన!

"పేర్లు చెప్పు!"

"చెప్పను. నన్ను నమ్మి ఒంటి కొలతిచ్చినవాడి పేరు బజార్న పెట్టను."

"మొగుడికి కూడానా?"

"మొగుడికి మరీనూ."

మర్నాడు ఆవిడ దారపు ఉండలకని బయటికెళ్లగానే కొలతల నోటుపుస్తకం తీశాను. పేర్లు లేవు. ఏప్రన్ల పేజీలో అన్నీ అంకెలే. ఒకటో నంబరు, నడుం నలభై నాలుగు. రెండు, ముప్పై ఆరు. మూడు, నలభై. మెట్లమీద చెప్పుల చప్పుడు వినిపించింది. కంగారులో పుస్తకం, టేపు చంకన పెట్టుకుని దొడ్డిదారిన పడ్డాను. కళ్లద్దాలు మిషను మీదే ఉండిపోయాయి.

మధ్యాహ్నం షెడ్డులో కార్మికుల సమావేశం. కమిటీ ముగ్గురూ ఎదురుగా కుర్చీల్లో ఉన్నారు.

"సంఘంలో లేమంటారా? మీ ఏప్రన్ల కొలతలు ఈ పుస్తకంలో ఉన్నాయి. నడుం కొలిపించుకోండి!" అని టేపు ఝాడించాను.

"నడుముకీ న్యాయానికీ సంబంధమేంటయ్యా?" అన్నాడు మేనేజరు.

"కొలవాల్సిందే!" అని షెడ్డంతా అరిచింది. మా వాళ్లు జీతం పెంచమన్నప్పుడు కూడా అంత గట్టిగా అరవలేదు.

అద్దాల్లేక నాకు అంకెలు ఆనకపోతే లేతు మిషను పెద్దాయన టేపు చదివాడు. క్యాషియరు ముప్పై ఆరు. స్టోర్‌కీపరు నలభై. మేనేజరు మాత్రం పొట్ట లోపలికి పీల్చాడు. నలభై ఒకటి!

"ఊపిరి వదలండి సార్!"

వదలడే! మొహం ఎర్రబడింది, గుడ్లు ముందుకొచ్చాయి. చివరికి టైరు పంక్చరైనట్టు "హుస్..." మన్నాడు. నలభై నాలుగు! షెడ్డు రేకులు ఎగిరిపోయేంత ఈలలు.

అప్పుడే గుంపును తోసుకుని మా ఆవిడ వచ్చింది.

"కళ్లద్దాలు మర్చిపోయారు. వెనక పేజీ కూడా చదవండి. సగం చదివి ఆపితే అన్యాయం కదా."

ఆవేశంలో ఉన్న మనిషికి అనుమానం రాదు. అద్దాలు తగిలించుకుని, గొంతెత్తి చదివేశాను.

"పన్నెండో నంబరు. నడుం ముప్పై ఎనిమిది. కొలతల చీటీ మీద చేతిరాత మా ఇంటాయనది. సంఘం వద్దంది. ఏప్రన్ విప్పి దిండుకి గలీబు కుట్టాను."

షెడ్డంతా నావైపు తిరిగింది.

నిజమే. నాలుగేళ్ల కిందట చాటుగా దరఖాస్తు పెట్టాను. నా అరచేయి నేనే గోక్కుని సాధన కూడా చేశాను. వాళ్లు వద్దన్నారు. ఆ ముక్క ఇంట్లో తెలియదనుకున్నాను.

"అందని ద్రాక్ష పుల్లన!" అని మేనేజరు పొట్ట పట్టుకుని నవ్వాడు.

నా కడుపు మండిపోయింది. "అవును, అడిగాను! ఇరవై రెండేళ్లు ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి, పని చూసి ఇవ్వరని తెలిసి అరచేయి గోకడానికి వెళ్లాను. ఆ సిగ్గు నాది. నన్ను అక్కడిదాకా తోసిన సిగ్గు ఎవరిది?"

మేనేజరు నవ్వు ఆగింది. లేతు మిషను పెద్దాయన ముందు చెయ్యెత్తాడు. తర్వాత షెడ్డంతా ఎత్తింది. తీర్మానం నెగ్గింది. పాత కమిటీ లేచింది, కొత్తది కూర్చోవాలి. ఉద్యోగం నాకొస్తుందో రాదో ఇంకా తెలియదు.

గోడమీద మొదటి పేరు మాత్రం నాదే. "అడిగాడు, వద్దన్నారు." పక్కన నిలబడి మా ఆవిడే రాయించింది.

ఇంటికొచ్చి మంచమ్మీద కూలబడ్డాను. నెత్తికింద తెల్లగా, నున్నగా తగిలింది.

"ఆ దిండు అవతల పారెయ్! దానిమీద నాకు నిద్ర పట్టదు."

"పట్టకేం? నాలుగేళ్లుగా దానిమీదే గురకపెడుతున్నారు" అంది, నోట్లో గుండుసూదులు పెట్టుకుంటూ.