గవరమ్మ కన్నీటి చుక్క

"ఒక సినిమా నిలబడాలన్నా, కూలబడాలన్నా అంతా ఒక్క నటి కంట్లో ఉంటుంది! దర్శకుడి చేతిలో లేదు, కెమెరాలో లేదు, కథలో అసలే లేదు!"

ఈ చారిత్రక ప్రకటన దీవుల్లోని హోప్ టౌన్ అనే జాలరి పల్లె ఒడ్డున ఉదయం పది గంటలకు వెలువడింది. ప్రకటించినవారు మత్స్యకార క్షేమ కార్యాలయం హెడ్ క్లర్కు, తెలుగు కళా సమితి కార్యదర్శి, ఆ పొద్దుటి నుంచి సినిమా దర్శకుడు కూడా అయిన మణికుమార్ గారు. ఆయన చేపల పెట్టె బోర్లించి దానిమీద నిలబడి ఉన్నారు. చుట్టూ ఉన్న ఇరవై మందీ చప్పట్లు కొట్టారు. గవరమ్మ ఒక్కతే కొట్టలేదు. ఆ ఒక్క నటి తనే. తన కళ్లకి తనే చప్పట్లు కొట్టుకుంటే బాగోదని ఊరుకుంది.

సినిమా పేరు "గడప ముందు ప్రభుత్వం". నిడివి పదకొండు నిమిషాలు. ఢిల్లీలో ప్రభుత్వ కార్యాలయాల మధ్య జరిగే లఘుచిత్రాల పోటీకి, సాయంత్రం ఐదులోగా కంప్యూటర్లో పంపెయ్యాలి. కథ మహా పట్టుగా ఉంటుంది. ఒక జాలరి వేటకెళ్లి తిరిగిరాడు. ఇరవై నాలుగు గంటలు గడవక ముందే ఆఫీసరుగారు స్వయంగా అతని భార్య గడప ముందుకొచ్చి, మరణ ధ్రువపత్రం చేతిలో పెడతారు. ఆవిడ ఆ కాగితం చూసి, ఇంత దయగల ప్రభుత్వం ఉన్నందుకు భోరుమంటుంది. శుభం! ఆఫీసరు వేషం ఆఫీసరుగారే వేస్తున్నారు. ఆయన్ని అందరూ బడా సాబ్ అంటారు. ఆయనకి తెలుగు రాదు, నటన కూడా రాదు. మొదటిదానికి మణికుమార్ ఉన్నాడు. రెండోదాని సంగతి ఆయనతో చెప్పేవాళ్లు ఆఫీసులో లేరు.

భార్య వేషం ముందు గవరమ్మది కాదు. చూడ్డానికి బాగుంటుందని బేబీరాణిని అడిగారు. ఆమె చేతిలో ఉన్న కత్తిపీట కింద పెట్టకుండానే జవాబు చెప్పింది.

"మా ఆయన తెల్లారగట్ల ఏటకెళ్లినాడు. ఆడు ఒడ్డుకి రాకముందే నన్ను బొట్టు సెరుపుకుని ఏడమంతారేటి? బుద్ధుందా మీకు?"

ఆ మాటతో మొగుడున్న ఆడవాళ్లెవరూ ఆ ఛాయలకి రాలేదు. సముద్రం మీద మనిషి ఉండగా ఇంట్లో ఉత్తుత్తి ఏడుపైనా ఏడవకూడదు. అది ఆ ఒడ్డున చంటిపిల్లలకీ తెలుసు. దాంతో మణికుమార్ తిన్నగా గవరమ్మ గుమ్మంలోకి వచ్చి చేతులు జోడించాడు.

"గవరమ్మ దీదీ, నువ్వే చెయ్యాలి. నీకైతే అనుభవం ఉంది కదా!"

గవరమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. ఎందుకంటే ఆమెకి ఆ అనుభవం లేదని తొమ్మిదేళ్లుగా రాస్తున్నది ఈ మణికుమారే!

ఆమె మొగుడు యర్రయ్య తొమ్మిదేళ్ల కిందట ఓ తుపాను ముందర స్నేహితుడి పడవలో వేటకెళ్లాడు. పడవా రాలేదు, మనిషీ రాలేదు. అతని సొంత చిన్న పడవ, డింగీ మాత్రం ఒడ్డునే మిగిలింది. గవరమ్మ ఏటా దానికి రంగు వేయిస్తుంది, చిల్లులు పూడ్పిస్తుంది. ఆమె తమ్ముడు గోవిందు దాన్ని నడపడానికి సిద్ధంగా ఉండి కూడా ఇంకొకరి పడవలో కూలికెళుతున్నాడు. డింగీ లైసెన్సు యర్రయ్య పేరున ఉంది మరి! పేరు మార్చాలంటే యజమాని స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి, లేదా యజమాని పోయినట్టు కాగితం తేవాలి. శవం దొరకలేదు కాబట్టి ఏడేళ్లు ఆగాలని చట్టం చెప్పింది. గవరమ్మ ఆగింది. ఆ తర్వాత ఫైలు కనబడలేదని ఆఫీసు చెప్పింది. ఇంకో రెండేళ్లు ఆగింది. ఒకసారి బొట్టు లేకుండా కౌంటరు దగ్గరికి వెళితే, "భర్త మరణించినట్టు ఆధారం లేనప్పుడు మీ అంతట మీరే ఎలా నిర్ణయించుకున్నారు?" అని మణికుమార్ నిలదీశాడు కూడా. అప్పటి నుంచి ఆమె ఆవలి ఒడ్డునున్న ఆఫీసుకి పడవెక్కిన రోజున బొట్టు పెట్టుకుంటోంది.

"వేస్తాన్లే బాబూ," అంది గవరమ్మ చివరికి. బడా సాబ్ ఎదురుపడితే ఫైలు సంగతి ఓ మాట అడగొచ్చని ఆమె ఆశ.

చిత్రీకరణ మొదలైంది. కెమెరా మనిషి కన్నబాబుది డాలీగంజ్. పెళ్లిళ్ల వీడియోలు తీస్తాడు. అలవాటుకొద్దీ బడా సాబ్‌ని, "సార్, కొంచెం సిగ్గుపడుతూ ఇటు చూడండి," అని హిందీలో అన్నాడు. సాబ్ చూశారు. నడిచొచ్చారు. కాగితం ఇచ్చారు. గవరమ్మ అందుకుని అందులోకి తేరిపార చూసింది.

"యాక్షన్! ఏడుపు! ఏడుపు!" అని మణికుమార్ గుసగుసలాడాడు.

"బాబూ, ఇందులో నాలుగున్నర పడవ లేదేటి? తీసీసినారా?"

చేతికందిన కాగితం బాంబూఫ్లాట్ ఫెర్రీ టైంటేబుల్!

రెండోసారి తెల్ల కాగితం ఇచ్చారు. గవరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఏడుపు రాలేదు. మూడోసారి కళ్ల దగ్గర ఉల్లిపాయ పెట్టారు. పాతికేళ్లుగా ఉప్పుచేపల మధ్య బతికిన కళ్లు ఉల్లిపాయని లెక్క చెయ్యలేదు. నాలుగోసారి మందుల షాపు నుంచి గ్లిజరిన్ తెప్పించారు. కళ్లెర్రబడ్డాయి గానీ ముఖంలో బాధ లేదు. పన్నెండున్నరయింది. సాబ్ ముఖాన పౌడరు కారి కాలరు మీదికొచ్చింది.

"అరే భాయ్, రోనా కబ్ ఆయేగా?" అని ఆయన గర్జించారు. ఏడుపు ఎప్పుడొస్తుందని ఒక ప్రభుత్వాధికారి ఇంత ఆత్రంగా ఎదురుచూడడం దీవుల చరిత్రలో అదే మొదటిసారి.

మణికుమార్ గవరమ్మని పక్కకి తీసుకెళ్లి నటనాశాస్త్రం బోధించాడు. "దీదీ, ఊహించుకో! నీ భర్త పోయాడు. ఆఫీసు నీకు కాగితం ఇచ్చింది. గట్టిగా ఊహించుకో!"

"తొమ్మిదేళ్లు ఊహించుకున్నాను బాబూ. ఇంక నా కాడ ఊహలు లేవు."

మొదట్లో ఆమె కావాలని చేసింది కాదు. నిజంగానే ఏడుపు రాలేదు. యర్రయ్య పోయిన మొదటి నెలలో ఏడ్చింది. ఆ తర్వాత పడవలు, క్యూలు, కౌంటర్లు, జిరాక్సులు. ఏడవడానికి తీరిక దొరకలేదు. కానీ ఇప్పుడు చూస్తే ఇరవై మంది, ఒక కెమెరా, ఒక జీపు, ఒక పెద్ద ఆఫీసరు, అందరూ తన రెండు కళ్లవైపే చూస్తూ నిలబడి ఉన్నారు! తొమ్మిదేళ్లలో ఆ ఆఫీసులో ఒక్కడు కూడా ఆమె ముఖం వైపు ఇంతసేపు చూడలేదు. మణికుమార్ పొద్దున పెట్టె మీద నిలబడి అన్న మాట ఆమెకి అప్పుడు బోధపడింది.

"బాబూ, మా ఆయన పేరున్న కాగితమైతే ఏడుపొచ్చీలాగుంది. ముద్రా, నెంబరూ, సంతకం అన్నీ ఉండాల."

మణికుమార్ కంగారుపడి ఆ మాట సాబ్‌కి హిందీలో చెప్పాడు. "నకిలీది రాయిద్దాం సాబ్!"

బడా సాబ్ ఒప్పుకోలేదు. నిజాయితీ వల్ల కాదు లెండి. ఢిల్లీలో పోటీని చూసేవాళ్లంతా ఆఫీసర్లే. దొంగ ముద్రని తెర మీద ఇట్టే పట్టేస్తారు. అసలు ఫైలే తెమ్మన్నారు. "అస్లీ చాహియే! ఇన్‌కీ ఫైల్ కహాఁ హై?"

"కనబడుట లేదు సాబ్."

"సినిమా కే లియే ఢూండో!"

సినిమా కోసం వెతకమన్నాక ఆఫీసంతా కదిలింది. పావుగంటలో ఫోనొచ్చింది. ఫైలు దొరికింది! "పరిష్కరించినవి" అని రాసిన బీరువాలో ఉందట. ఆ బీరువాని రెండేళ్లుగా ఎవరూ తెరవలేదు. పరిష్కరించినవాటితో ఎవరికి పని! ప్యూను ముద్ర, రిజిస్టరు, ఫైలు చంకన పెట్టుకుని ఫెర్రీ ఎక్కాడు. మూడున్నరకల్లా హోప్ టౌన్‌లో దిగాడు. జీపు బానెట్ మీద కాగితం రాశారు. రిజిస్టర్లో నెంబరు వేశారు. సాబ్ సంతకం పెట్టారు. ముద్ర గట్టిగా పడాలని మణికుమార్ దానిమీద రెండు చేతులూ వేసి నొక్కాడు.

"రెడీ! యాక్షన్!"

సాబ్ కాగితం ఇచ్చారు. అది హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. గవరమ్మ కూతురు కళ్యాణి తల్లి భుజం మీంచి వంగి మెల్లగా చదివింది. "యర్రయ్య, తండ్రి అప్పలరాముడు, నివాసం హోప్ టౌన్..."

అంతవరకే వినగలిగింది గవరమ్మ. తొమ్మిదేళ్లుగా అతను ఆఫీసులో "సదరు వ్యక్తి"గా ఉన్నాడు, "ఆచూకీ తెలియని వారు"గా ఉన్నాడు. ఇప్పుడు మళ్లీ యర్రయ్య అయ్యాడు. ఆ పేరు కూతురి నోట వింది. గడప మీద కూలబడిపోయింది.

"మావా! ఇన్నాళ్లకి నీ పేరు సరిగ్గా రాసినారు మావా! ఇంక నువ్వు రావు మావా! ఇంక నీ కోసం సూడక్కర్లేదంట మావా!"

అది నటన కాదు. వెనకటి ఏడుపులన్నీ కలిసి ఒక్కసారిగా వచ్చాయి. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్లు లేచి నిలబడ్డారు. బేబీరాణి కొంగు నోట్లో కుక్కుకుంది. కన్నబాబు ఒక చేత్తో కెమెరా పట్టుకుని ఇంకో చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. మణికుమార్ కూడా ఏడ్చాడు. ఆ కాగితం ఆపింది తనేనన్న సంగతి ఆ క్షణంలో అతనికి గుర్తు లేదు.

రెండు నిమిషాలు గడిచాయి. బడా సాబ్ వాచీ చూసుకుని, కాగితం తిరిగిమ్మని చెయ్యి చాపారు.

"బస్, హోగయా. కాగజ్ వాపస్ దో అమ్మా. సినిమా కా హై."

గవరమ్మ కాగితాన్ని గుండెకి అదుముకుంది.

"సాబ్!" అని ఇంకా తీస్తూనే ఉన్న కన్నబాబు భయంభయంగా అన్నాడు. "కెమెరా చాలూ హై!"

సాబ్ చెయ్యి గాలిలో ఆగిపోయింది. వెనక్కి తీసుకుంటే బాగోదు, ముందుకి చాపితే అసలే బాగోదు! రెండు క్షణాలు అలా వణికి, ఆ చెయ్యి మెల్లగా పైకి లేచి, గవరమ్మ తల మీద వాలింది. గవరమ్మ కూడా తక్కువదేం కాదు. వంచిన తల ఎత్తకుండా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుని, "సల్లగుండాల బాబూ!" అంది కెమెరాకి వినబడేలాగ. ఆ చెయ్యి ఇంకా ఆశీర్వదిస్తూ ఉండగానే ఐదు కొట్టడానికి ఇరవై నిమిషాలే మిగిలాయి. మళ్లీ తీసే వ్యవధి లేదు. సినిమా ఢిల్లీ వెళ్లిపోయింది.

రెండు నెలలకి ఫలితాలొచ్చాయి. మొదటి బహుమతి! ఉత్తమ నటుడు బడా సాబ్! "ఇవ్వాలనే తపనతో గాలిలో వణికిన ఆ చెయ్యి, ఒక్క చెయ్యి, ఈ చిత్రాన్ని నిలబెట్టింది" అని న్యాయనిర్ణేతలు రాశారు. గవరమ్మ నటన గురించి ఒక వాక్యం ఉంది. ఆమె ఏడుపు కాస్త ఎక్కువైందట. సాబ్ ఢిల్లీ వెళ్లి శాలువా కప్పించుకుని, దిగిన రోజునే రెండో సినిమా ప్రకటించారు. ఈ లోపల డింగీ లైసెన్సు గవరమ్మ పేరుకి మారింది. గోవిందు సొంత వేటకి వెళుతున్నాడు.

సోమవారం ఉదయం మణికుమార్ కౌంటరు తెరిచేసరికి ఎదురుగా ఏడుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. బాంబూఫ్లాట్ నుంచి ముసలమ్మ, డాలీగంజ్ నుంచి ఎరుకమ్మ, ఇంకా ఐదుగురు. అన్నీ అతనికి తెలిసిన ముఖాలే. అన్నీ "పరిష్కరించినవి" బీరువాలోని పేర్లే. వాళ్ల ముందర గవరమ్మ ఉంది.

"ఏంటి దీదీ ఇది? అప్లికేషన్లు ఏవీ?"

"అప్లికేషన్లు కావు బాబూ. సినిమాలో ఏసాలకొచ్చినారు."

మణికుమార్ బీరువా వైపు చూశాడు, సాబ్ గది వైపు చూశాడు, లోపల గోడకి వేలాడుతున్న శాలువా ఫొటో వైపు చూశాడు. పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాడు. అంతలో క్యూ చివర ఎరుకమ్మకి నిజంగానే కళ్లనీళ్లు తిరిగాయి. గవరమ్మ గబగబా వెళ్లి తన కొంగుతో ఆమె కళ్లు తుడిచి, గట్టిగా మందలించింది.

"ఇప్పుడే ఏడిసీకే తల్లీ! కాగితం సేతికి వచ్చీదాకా ఒక్క సుక్క రానీకు!"