నాలుగు చిల్లుల దిద్దు

ఆ పొద్దున టెక్నీషియన్ పెట్టుకున్న పని ఒక్కటే: పిల్లల బరువును బట్టి ఎక్స్-రే మోతాదు ఎంత తగ్గించాలో రాసిన కొత్త పట్టికను యంత్రం పక్కన అతికించడం. ఆసుపత్రిలో అందరూ ఆమెను ‘ప్రశ్నల పుట్ట’ అంటారు. "ఇది నిజంగా అవసరమా? ఇంతకుముందు తీయించారా?" అని అడగందే ఆమె మీట నొక్కదు.

పట్టిక ఒక మూల అంటిందో లేదో, ఓ అమ్మమ్మ, ఓ మేనమామ ఐదేళ్ల పాపను ఎత్తుకుని వచ్చిపడ్డారు.

"నా చెవి దిద్దు మింగేసిందమ్మా! దిద్దు ఏదే అని అడిగితే నోరు తెరిచి వేలుపెట్టి చూపించింది!" అని అమ్మమ్మ గుండెలు బాదుకుంది.

మేనమామ ఒక ఫిల్ము ఝళిపించాడు. "వీధి చివర క్లినిక్‌లో తీయించాం. ఇదిగో, ఛాతీలో గుండ్రంగా! తల నుంచి కాళ్ల దాకా సీటీ స్కాన్ తీసెయ్యండి."

"ఒక్క సీటీ స్కాన్ ఎన్నో ఎక్స్-రేల పెట్టు బాబూ. ఎదిగే పిల్ల. అవసరమైతే తీయాల్సిందే, ఊరికే మాత్రం తీయకూడదు."

ఆయన వినిపించుకోలేదు, ఫోను అందుకున్నాడు. రెండో ఫోనుకు దిద్దు గొలుసైంది. నాలుగో ఫోనుకు అది ఊపిరితిత్తికి గుచ్చుకుంది. అరగంటలో వరండా బంధువులతో కిటకిటలాడింది. వాళ్లలో ఎవరో నర్సు చెవిన వేస్తే, ఆపరేషన్ గదిలో దీపాలు వెలిగాయి. సర్జన్ మాస్కుతో సహా దిగాడు.

"ఇంకా స్కాన్ తీయలేదా?"

"ఈవిడ చాదస్తానికి మా పిల్ల ప్రాణం పోయేట్టుంది!" అని మేనమామ విరుచుకుపడ్డాడు.

టెక్నీషియన్‌కు తెలుసు: తను పొరబడితే పోయేది పసిప్రాణం. అయినా ఫిల్మును మరోసారి వెలుతురుకు పట్టి చూసింది.

"ఇది తీసినప్పుడు పాప ఒంటిమీద ఉన్నది ఈ గౌనేనా?"

"ఇదే. విప్పే తీరిక ఎవరికుంది?"

ఆమె ఫిల్మును గౌను పక్కన పెట్టింది. "డాక్టర్‌గారూ, దిద్దుకు నాలుగు చిల్లులుంటాయా?"

సర్జన్ వంగి చూశాడు. ఫిల్ములోని గుండ్రటి ఆకారానికీ, గౌను మీది ఇత్తడి బొత్తానికీ అవే నాలుగు చిల్లులు. ఫిల్ములో గొంతు నుంచి పొట్ట అడుగు దాకా వెతికాడు. ఇంకెక్కడా లోహం జాడ లేదు. మాస్కు కిందికి లాగి పకపకా నవ్వాడు.

"మరి అమ్మమ్మకు ఏం చూపించావు తల్లీ?" అని టెక్నీషియన్ పాప ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"నా ఊగే పన్ను! పొద్దుట్నుంచీ చూపిస్తున్నా, ఎవరూ చూడరే!"

పన్ను నిజంగానే ఊగుతోంది. అమ్మమ్మ శాలువా కుచ్చుల్లో చిక్కుకుని దిద్దూ ఊగుతోంది. వరండా అంతా ఒక్కసారిగా కేరింతలు కొట్టింది. అమ్మమ్మ టెక్నీషియన్‌ను గట్టిగా వాటేసుకుంది. సర్జన్ అందరికీ వినబడేలా ప్రకటించాడు: "పిల్లకు స్కానూ తప్పించింది, నా కత్తీ తప్పించింది. ఇకనుంచి ఈవిడ ప్రశ్నలు అడిగాకే ఏ పిల్లకైనా స్కాన్!"

మేనమామ మాత్రం కదల్లేదు. "ఎలాగూ వచ్చాం కదా, నాకో స్కాన్ తీసెయ్యండి."

"మీకేమైంది?"

"ఏమీ లేదు. మా పక్కింటాయన తీయించుకున్నాడు."

అది స్కాన్‌లో కనబడే జబ్బు కాదని చెప్పి ఆమె తలుపు తీసి పట్టుకుంది.