నిద్రగన్నేరు రక్షణ పర్వం

ఎండకు కరిగిన తారు పాదచారుల చెప్పులను పట్టి వదలని మే మాసంలో, బహుళ అంతస్తుల భవన దుర్గాలతో, అష్టదిక్కులా మోగే హారన్ల దుందుభి నాదాలతో, నీళ్ళ ట్యాంకర్ల గజఘటలతో విలసిల్లే సికింద్రాబాదు మహాపురమందు, పద్మారావు నగర్ అనే పేటలో, వైభవ్ ఎన్‌క్లేవ్ అనే ఐదంతస్తుల కోట ఎదుట, మంగళవారం మధ్యాహ్నం సరిగ్గా మూడు గంటల పది నిమిషాలకు, ఇస్త్రీ బండి ఏసురత్నం ఒక పోస్టరు చింపాడు.

ఆ చింపడంతో యుద్ధం మొదలైంది.

ఎడమ చేత ఇన్‌వార్డు రిజిస్టరు, కుడి చేత గుండ్రని రబ్బరు స్టాంపు ధరించిన కార్యాలయ దేవతా! నీ కౌంటరు మూసే వేళ కాకముందే ఈ కథ ముగించే శక్తిని నాకు ప్రసాదించు.

ఏసురత్నం సామాన్యుడు కాడు. ఆరు కిలోల ఇత్తడి ఇస్త్రీపెట్టెను గదలా తిప్పగల భుజబలశాలి. గంజి పెట్టిన నేత చీరల గర్వమణచిన ధీరుడు. వీధి మలుపులో చొక్కాను చూసి ఫ్లాట్ నంబరు చెప్పగల దూరదృష్టి కలవాడు. నివాసం సీతాఫల్‌మండి. యుద్ధభూమి మాత్రం ఇరవై రెండేళ్ళుగా ఈ కోట ముందున్న నిద్రగన్నేరు చెట్టు నీడ. ఆ వీధిలో మరో అరచేతి నీడ లేదు. మే నెల ఎండలో నిప్పుల పెట్టె పట్టుకుని నిలబడగల మనిషి ఇంకా పుట్టలేదు. చెట్టు పోతే బండి పోతుంది.

ఏసీ, నాన్ ఏసీ గదులు, మూడు పూటలా భోజనం అని ప్రకటించే హాస్టలు పోస్టరు ఒకటి ఆ చెట్టు మొదలుకు అంటుకుని ఉంది. దాని అంచు గాలికి ఊడి ఇస్త్రీ చేసిన బట్టల మీద పడుతుంటే విసుగొచ్చి లాగేశాడు. కింద సర్కారు వారి నోటీసు బయటపడింది. చెట్టునే కాగితానికి గోడగా చేసి నాలుగు మేకులు కొట్టి మరీ బిగించారు.

చెట్టు నంబరు నలభై ఒకటి. తొలగింపునకు దరఖాస్తు వచ్చినది. కారణం: మేడపై సోలార్ పలకలకు నీడ. దరఖాస్తుదారు: పద్మనాభం, ఫ్లాట్ 502, సంఘం అధ్యక్షుడు. అభ్యంతరాలు రాతపూర్వకంగా, చెట్టుకు వంద మీటర్ల లోపు నివసించువారు మాత్రమే, మంగళవారం సాయంత్రం ఐదు గంటలలోగా. ఆ మంగళవారం ఈ రోజే.

శ్రోతలు ఇక్కడ ఒక రాజకీయ రహస్యం గ్రహించాలి. ఈ రాజ్యంలో ప్రకృతిని కాపాడే విధానాలు రెండున్నాయి. ఒకటి చెట్లు కొట్టవద్దంటుంది. రెండోది ఎండతో కరెంటు పుట్టించమంటుంది. రెండూ సత్పురుషులు రాసినవే, రెండూ పచ్చ అట్ట వేసుకున్నవే. ఇంతకాలం వేర్వేరు అంతస్తుల్లో కాపురం ఉండటం వల్ల అవి ఒకదాని ముఖం మరొకటి చూడలేదు. పద్మారావు నగర్‌లో ఎదురుపడ్డాయి.

గంటా యాభై నిమిషాలు. సీతాఫల్‌మండి నివాసి సంతకం చెల్లదు. వంద మీటర్ల లోపు ఒక వీరుడు కావాలి.

ఏసురత్నం మెట్లెక్కాడు. 201 తాళం. 203లో నతానియేల్ చెవులకు యంత్రాలు తగిలించుకుని తలుపు జానెడు తెరిచాడు.

"అంకుల్, కాల్‌లో ఉన్నా. మెయిల్ పెట్టండి, చూస్తా."

"బాబూ, నాకు మెయిల్ ఎక్కడిది? ఒక్క సంతకం."

"సిక్స్ తర్వాత రండి అంకుల్."

304 వారు అద్దెకున్నామని, ఓనరును అడగనిదే మేకు కూడా కొట్టమని చెప్పారు. 401 వారు అధ్యక్షుడి పేరు వినగానే తలుపు మూశారు. మిగతావన్నీ తాళాలే. మిగిలింది ఒకే తలుపు. సాక్షాత్తూ శత్రువు గృహం. 502.

"ప్రభువా, ఇక నీ చిత్తం" అని ఏసురత్నం గంట నొక్కాడు. సమయం మూడు గంటల యాభై.

తలుపు తీసింది పద్మనాభం ఇల్లాలు సీతారత్నం. పడమటి వంటింటి నుంచి వచ్చిన ఆమె ముఖం నిండా చెమట. చేతిలో చిల్లుల గరిటె.

"సార్ లేరు ఏసురత్నం. ఏదో ఆర్డరు తెచ్చుకోవాలని మున్సిపల్ ఆఫీసుకెళ్ళారు. పొద్దున నువ్విచ్చిన తెల్ల చొక్కా వేసుకునే వెళ్ళారు."

శత్రువుకు కవచం తానే మడత నలగకుండా అందించానని వీరుడికి అప్పుడు తెలిసింది.

"అమ్మగారూ, మన చెట్టు కొట్టేస్తన్నారంట."

"ఎవరు?"

"చెప్పడానికి నోరు రావట్లేదండీ. సార్ గారే."

సీతారత్నం లోపలికి వెళ్ళింది. వంటింటి కిటికీలోంచి బయటికి చూసింది. అక్కడ ఆకులు. ఆకుల వెనక పడమటి సూర్యుడు. ఆ ఆకులు లేకపోతే ఆ సూర్యుడు ఎక్కడికొస్తాడో ఆమె చూపుడు వేలితో గాలిలో గీత గీసింది. గీత తిన్నగా పొయ్యి మీదికి వచ్చింది. ఆమె స్టవ్ కట్టేసింది.

"కాగితం ఉందా నీ దగ్గర?"

నాలుగు గంటల ఐదు నిమిషాలకు ఇస్త్రీ బండి మీద, దుప్పటి మడతల మీద, అభ్యంతర పత్రం రెండు ప్రతుల్లో సిద్ధమైంది. ఆమె ఆధార్ కార్డు కోసం సంచి వెతికేలోగా ఏసురత్నం అలవాటు కొద్దీ రెండు కాగితాలనూ ఇస్త్రీ చేశాడు.

ఆటో దొరికింది. సిగ్నలూ దొరికింది. మూడుసార్లు పచ్చదీపం వెలిగినా కదలని ఆ వాహన వ్యూహం మధ్య, ఏసురత్నం కళ్ళు మూసుకుని ప్రార్థించాడు. సీతారత్నం కళ్ళు తెరుచుకుని డ్రైవరును తిట్టింది. రెంటిలో ఏది ఫలించిందో తేల్చడం కథకుడి పని కాదు. నాలుగు నలభై ఒకటికి కార్యాలయం వచ్చింది.

ఇన్‌వార్డు కౌంటరు ముందు ఏడుగురి వరుస. ఒక్కొక్క దరఖాస్తూ ఒక్కొక్క యుగం. నాలుగు యాభై ఆరుకు వారు కౌంటరు చేరారు. అటు వైపు ధర్మరాజు కూర్చున్నాడు. పాతికేళ్ళ సర్వీసులో కదలని శిల వంటివాడు. టిఫిన్ క్యారియరు సంచిలో సర్దేసుకున్నాడు.

"టైమైంది. రేపు రాండ్రి."

"రేపటికి చెట్టు ఉండదయ్యా!" అన్నాడు ఏసురత్నం.

అప్పుడు ఫ్యాను కింద బల్ల మీద నుంచి ఒక తెల్ల చొక్కా లేచింది. ఐదు కొట్టగానే అందే తొలగింపు ఆర్డరు కోసం అక్కడ కాచుకుని ఉన్న పద్మనాభం, తన భార్యను చూశాడు. చుట్టూ జనాన్ని చూశాడు. సంఘం వార్షిక సమావేశాల్లో రాటుదేలిన కంఠం సవరించాడు.

"సీతా! ఏమిటీ అజ్ఞానం? భూగోళం వేడెక్కుతున్న ఈ సంక్షోభ సమయాన, బొగ్గు మీద ఆధారపడని భావి భారతాన్ని మన మేడ మీద నిర్మించ సంకల్పించిన నన్ను, ఒక్క చెట్టు కోసం అడ్డుకుంటావా? ఒక్క చెట్టు పోతే పది మొక్కలు నాటతాం! కాలుష్య రహిత సూర్యశక్తి..."

"ఆ సూర్యుడే నా పొయ్యి దగ్గరికొస్తున్నాడండీ. మూడింటికి మన వంటింట్లో ఎప్పుడైనా నిలబడ్డారా?"

పద్మనాభం ఆలోచించాడు. నిజాయితీపరుడు కాబట్టి మళ్ళీ బల్ల మీద కూర్చున్నాడు.

ధర్మరాజు కాగితం తిప్పి చూశాడు. రిజిస్టరు చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు.

"ఇదేందమ్మా? అర్జీ పెట్టింది 502. వద్దనేది సుత 502. గిట్ల నా సర్వీసుల చూడలే. ఇంట్ల కూసొని మాట్లాడుకోరాదా? మమ్మల్నెందుకు పరేషాన్ చేస్తరు?"

గడియారం నాలుగు యాభై ఎనిమిది.

"ఇరవై తొమ్మిదేళ్ళుగా మాట్లాడుతున్నాను బాబూ" అంది సీతారత్నం. "ఒక్కదానికైనా ఆయన నంబరిచ్చిన పాపాన పోలేదు. మీరైతే ఇస్తారని వచ్చాను."

ధర్మరాజుకు కూడా ఇల్లుంది. ఇంట్లో నంబరు ఎక్కని అభ్యంతరాలు ఎన్ని పేరుకున్నాయో అతనికి ఒక్కసారిగా జ్ఞాపకం వచ్చినట్టుంది. అతను రిజిస్టరు తెరిచాడు. స్టాంపును ఇంకు పెట్టె మీద నొక్కాడు. ఎత్తాడు.

ఆ ముద్రాయుధం నాలుగు గంటల యాభై తొమ్మిది నిమిషాలకు, ఇస్త్రీ మడత చెదరని కాగితం మీద, పిడుగువలె పడింది. ఇన్‌వార్డు నంబరు 1187. రెండో ప్రతి మీద కూడా పడింది. తేదీతో సహా.

"అభ్యంతరమొచ్చింది గదా, ఇగ పదిహేను దినాలల్ల విచారణ" అన్నాడు ధర్మరాజు. "అందాంక చెట్టును ముట్టొద్దు. సార్, మీ ఆర్డరు లోపట్నే ఉంటది. ఇద్దరికీ నోటీసులొస్తయ్. ఒక్కటే అడ్రస్సు గానీ, రూల్ ప్రకారం కవర్లు రెండు పంపాలె."

తిరుగు ప్రయాణానికి దొరికింది ఒకే ఆటో. విజేతలిద్దరూ చెరో వైపు, పరాజితుడు నడుమ. సగం దూరం వెళ్ళాక పద్మనాభం మెల్లగా అడిగాడు.

"రాత్రికి ఏం కూర?"

"రాసివ్వండి. పరిశీలిస్తాను."

ఏసురత్నం ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. పాత ఖాతాదారు ముందు నవ్వడం మర్యాద కాదు. కానీ అతని భుజాలు మాత్రం సిగ్నలు దాకా కదులుతూనే ఉన్నాయి.

జనులారా, వినండి! దిక్కులారా, నమోదు చేసుకోండి! సర్కారు వారి రెండు పచ్చ విధానాల ఘోర సంగ్రామంలో, సికింద్రాబాదు నగరాన, నిద్రగన్నేరు వృక్షము నంబరు నలభై ఒకటికి పదిహేను దినముల ఆయుర్దాయము లభించెను. అందులో రెండు ఆదివారాలు, ఒక రెండో శనివారం కూడా కలిసియే ఉన్నవి.